ఏ దేశపు సిపాయి గొప్ప?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ మిలిటరీ అనుభవాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. 28 ఏళ్ల నౌకరీ ఇరవై నిమిషాల్లో ఇమడదు. అందుకని ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి కూర్చుందామనుకున్నాను. ఆ ప్రశ్న నాది కాదు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు మన బడి మైదానంలో పరుగు తీసే కుర్రాళ్లది. రిటైరై ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ వాళ్లను పరుగెత్తించడం, గుంజీలు తీయించడం నాకు అలవాటైంది. ఓ పొద్దున ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియో చూపించి, "సుబేదార్ బాబాయ్, ప్రపంచంలో ఏ ఆర్మీ ట్రైనింగ్ గొప్పది? మనవాళ్లది ఎన్నో నంబరు?" అనడిగాడు.

అప్పుడు "ముందు రెండు రౌండ్లు కొట్టి రా, చెబుతాను" అని తప్పించుకున్నాను. ఇవాళ మా మాస్టార్ల ముందు తప్పించుకోలేను కదా.

అందరికీ మొదట తోచేది వారాల లెక్క. అదే చూద్దాం. అమెరికా పదాతి దళంలో చేరిన కుర్రాడికి ఒకప్పుడు 14 వారాల శిక్షణ ఉండేది. 2018 నుంచి దాన్ని 22 వారాలకు పెంచుతూ వచ్చారు. వాళ్ల మెరైన్లకు మొదటి దశ 13 వారాలు, ఆ తర్వాత మళ్లీ వేరే శిక్షణ. స్విట్జర్లాండ్‌లో రంగ్రూటు బడి 18 వారాలు. ఫిన్లాండ్‌లో చేసే పనినిబట్టి 165, 255, లేదా 347 రోజులు. నేపాల్ నుంచి బ్రిటిష్ సైన్యంలో చేరే గూర్ఖాలకు ఇంగ్లండ్‌లోని కాటరిక్‌లో దాదాపు తొమ్మిది నెలలు. మన అగ్నివీరుడికి దాదాపు ఆరు నెలలు. మా కాలంలో తొమ్మిది నెలల దాకా ఉండేది. ఇక 2022 నుంచి బ్రిటన్ గడ్డ మీద ఉక్రెయిన్ రంగ్రూట్లకు ఇస్తూ వచ్చిన కోర్సు చాలాకాలం ఐదు వారాలే.

ఈ అంకెలు వరసగా రాసి పెద్దదానికి మొదటి ర్యాంకు ఇద్దామా? కుదరదు. గూర్ఖా కుర్రాడి తొమ్మిది నెలల్లో ఇంగ్లీషు నేర్చుకోవడం, ఆ దేశపు పద్ధతులు తెలుసుకోవడం కూడా కలిసి ఉంటాయి. స్విస్ కుర్రాడు 18 వారాలయ్యాక ఇంటికి పోయి తన ఉద్యోగం తాను చేసుకుంటాడు. ఏళ్ల తరబడి మూడేసి వారాల పునశ్చరణకు వచ్చి పోతుంటాడు. ఫిన్లాండ్‌ది కూడా అదే దారి. పక్కన పెద్ద దేశం ఉన్న చిన్న దేశం కాబట్టి, అవసరం పడ్డ రోజున ఊరూరా శిక్షణ పొందినవాళ్లు ఉండాలన్నది వాళ్ల లెక్క. ఉక్రెయిన్‌వాళ్లకు ఐదు వారాలు చాలని ఎవరూ అనుకోలేదు. వాళ్లకు ఉన్న సమయమే అంత. అందుకే తుపాకీ కాల్చడం, గాయానికి కట్టు కట్టడం, కందకంలో బతకడం, యుద్ధ నియమాలు లాంటి ప్రాణావసరాలే ఏరి పెట్టుకున్నారు. వారాల లెక్క ఆ దేశానికున్న అవసరం చెబుతుంది, ఆ సిపాయి సత్తా చెప్పదు.

సరే, ఒంటి బలం పరీక్షలు చూద్దాం. మన కుర్రాళ్లకు ఇవి కంఠతా వచ్చు. మన ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తినవాడికి పూర్తి మార్కులు. పులప్స్‌లోనూ పూర్తి మార్కులు కావాలంటే పది తీయాలి, 9 అడుగుల గుంత దూకాలి, వంకర దూలం మీద పడిపోకుండా నడవాలి. మా కాలంలో సైన్యంలో చేరాక జరిగే పరీక్షలో రైఫిలు, సామాను తగిలించుకుని 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, అడ్డంగా కట్టిన తాడు మీద పాకడం ఉండేవి. అమెరికాలో 2025లో పరీక్షను మార్చి ఐదు అంశాలు పెట్టారు. నేల మీది బరువు ఎత్తడం, చేతులు నేలనుంచి తీసి మళ్లీ ఆనించి చేసే పుషప్స్, దాదాపు 40 కిలోల బరువు పెట్టిన స్లెడ్‌ను లాగడం కలిసిన పరుగు, ప్లాంక్, రెండు మైళ్ల పరుగు. బ్రిటిష్ పదాతి సైనికుడు 40 కిలోల మోతతో 4 కిలోమీటర్లు 50 నిమిషాల్లోపు నడవాలి. గూర్ఖాలను ఎంపిక చేసేటప్పుడు నేపాల్‌లోని పోఖరాలో డోకో అనే వెదురుబుట్టలో 25 కిలోల ఇసుక వేసి, నుదుటికి పట్టీ తగిలించి, 5 కిలోమీటర్లు ఎగువకు ఎక్కిస్తారు.

ఇవన్నీ కష్టమైనవే. కానీ ఒకదానితో ఒకటి పోల్చదగ్గవి కావు. స్లెడ్ లాగించేది గాయపడ్డ తోటివాణ్ణి కాల్పుల్లోంచి ఈడ్చుకు రాగలడా అని చూడటానికి. తాడు, గుంత మన వాగులు, కొండలు దాటడానికి. మోత నడక, బండి ఆగిపోయినా సిపాయి ఆగకుండా ఉండటానికి. ఏ సైన్యమైనా తాను రేపు ఎదుర్కోబోయే కష్టాన్ని ఊహించుకుని పరీక్ష పెట్టుకుంటుంది. మన కుర్రాణ్ణి రేపు పొద్దున్నే 40 కిలోల మోతతో నడిపిస్తే కుంటుతాడు. అమెరికా కుర్రాణ్ణి మన తాడు ఎక్కిస్తే సగంలో వేలాడతాడు. నెల రోజులు సాధన చేయిస్తే ఇద్దరూ రెండూ చేస్తారు.

మరి పోల్చడమే తప్పా? తప్పు కాదు. రెండు సైన్యాలు ఒకే నేల మీద, ఒకే చలిలో తలపడిన చోట పోల్చవచ్చు. దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1982 నాటి ఫాక్‌లాండ్ యుద్ధం. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో చెట్టూ చేమా లేని దీవులు అవి. ఏప్రిల్ 2న అర్జెంటీనా వాటిని ఆక్రమించింది. బ్రిటన్ దాదాపు 13 వేల కిలోమీటర్ల దూరం ఓడల్లో సైన్యాన్ని పంపి, మే 21న శాన్ కార్లోస్ దగ్గర దింపింది. నాలుగు రోజులకే అట్లాంటిక్ కన్వేయర్ అనే ఓడ దెబ్బతిని, అందులోని పెద్ద హెలికాప్టర్లు పోయాయి. దాంతో మెరైన్లు, పారా సైనికులు 35 కిలోలకు పైబడ్డ మోతతో, తడి నేల మీద రాజధాని స్టాన్లీ వైపు దాదాపు 90 కిలోమీటర్లు నడిచారు. మోత నడక పరీక్ష ఎందుకు పెడతారో అప్పుడు తెలిసింది. జూన్ 14న అర్జెంటీనా సేనలు లొంగిపోయాయి.

ఇక్కడిదాకా వింటే "చూశారా, బ్రిటన్‌వాడు గొప్ప" అనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరగా చూడండి. అర్జెంటీనా పంపినవాళ్లలో చాలామంది నిర్బంధ సేవలో ఉన్న 18, 19 ఏళ్ల పిల్లలు. కొందరు రైఫిలు పట్టుకుని కొన్ని వారాలే అయింది. అందులోనూ ఎందరో కొరియెంతెస్ లాంటి వేడి ప్రాంతాలవాళ్లు. మన కోస్తా కుర్రాణ్ణి సరైన బట్టలు, సాధన లేకుండా మంచు కొండ మీద నిలబెట్టినట్టు. వాళ్లలో చాలా దళాలు నిలవలేకపోయాయి. కానీ అదే దేశానికి చెందిన అయిదో మెరైన్ బెటాలియన్ టంబుల్‌డౌన్ కొండ మీద స్కాట్స్ గార్డ్స్‌ను రాత్రి చాలాసేపు నిలువరించింది. వాళ్లలోనూ నిర్బంధ సైనికులు ఉన్నారు. జెండా ఒకటే, భాష ఒకటే, తిండి ఒకటే. తేడా ఎక్కడ? ఆ బెటాలియన్ ఉండేది దేశానికి దక్షిణ కొసన, టియెర్రా డెల్ ఫ్యూగోలో. ఆ గాలి, ఆ చలి, ఆ నేల వాళ్లకు రోజువారీ సాధనలో భాగం. యుద్ధం ఎక్కడ జరిగిందో దాదాపు అలాంటి చోటే వాళ్లు శిక్షణ పొందారు.

అటు గొప్పగా శిక్షణ పొందిన బ్రిటన్‌వాళ్ల బూట్లు నీళ్లు పీల్చి, ఎందరివో పాదాలు పాడయ్యాయి. కాబట్టి దేశం పేరు చూసి నంబరు ఇవ్వకండి. ఫలానా దళం, ఫలానా నేలకు, ఫలానా పనికి ఎంత సిద్ధంగా ఉంది అన్నదే అడగాల్సిన ప్రశ్న.

మనకూ ఆ పాఠం నెత్తురుతోనే వచ్చింది. 1962లో నూలు బట్టలతో, ఎత్తుకు అలవాటు పడే వ్యవధి లేకుండా మన జవాన్లు ఎందరో హిమాలయాల మీదికి వెళ్లారు. ఇవాళ ఆ పొరపాటు చేయనివ్వరు. 9 వేల అడుగులు దాటితే మొదటి మెట్టు ఆరు రోజులు, 12 వేలు దాటితే నాలుగు రోజులు, 15 వేలు దాటితే ఇంకో నాలుగు రోజులు. ఇవి ఒంటికి ఆ గాలి అలవాటు చేసే రోజులు. జనరలైనా జవానైనా, ఏ దేశంవాడైనా, ఊపిరితిత్తులు ఒకటే. గుల్‌మర్గ్‌లో మన ఎత్తైన ప్రాంతాల యుద్ధ పాఠశాల 1948 నుంచి ఉంది. మిజోరంలోని వైరెంగ్టేలో అడవి యుద్ధం నేర్పే బడి ఉంది. అక్కడికి అమెరికావాళ్లు కూడా వచ్చి నేర్చుకుని వెళ్లారు. కొండ, అడవి విషయంలో వాళ్లు మనకు శిష్యులు. చెప్పుకోవడానికి గర్వమే.

మరి మనం ఎవరికి శిష్యులం? అదీ చెప్పాలి. 2014లో రాణీఖేత్ దగ్గర చౌబటియాలో అమెరికా సైన్యంతో కలిసి యుద్ధ్ అభ్యాస్ జరిగినప్పుడు నేను ఏర్పాట్లు చూసే బృందంలో ఉన్నాను. మనవాళ్లు కొండ ఎక్కే తీరు, ఉన్నదాంతో సర్దుకునే తీరు చూసి వాళ్లు ముచ్చటపడ్డారు. నన్ను ఆకట్టుకున్నవి వేరు. అక్కడ నేను చూసిన ప్రతి అమెరికా సిపాయి దగ్గరా నెత్తురు ఆపే పట్టీ ఉంది, చీకట్లో ఒంటిచేత్తో తనకు తానే బిగించుకోవడం వచ్చు. ఇంకోటి, అభ్యాసం ముగిశాక అందరూ చుట్టూ కూర్చుంటారు. "ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఈసారి ఏం చేద్దాం" అని మాట్లాడుకుంటారు. ఒక ఇరవై ఏళ్ల సిపాయి తన కెప్టెన్ ఎదుటే "సార్, మీ ఆదేశం మాకు ఆలస్యంగా అందింది" అన్నాడు. కెప్టెన్ పుస్తకం తీసి రాసుకున్నాడు. నేను చేరిన కొత్తలో ఆ మాట మా సుబేదార్ సాబ్‌తో అని ఉంటే సాయంత్రం దాకా మైదానం చుట్టూ రగడా తప్పేది కాదు. మన దగ్గరా ఇప్పుడు ఆ పద్ధతి వచ్చింది. ఇంకా రావాలి.

బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో ఏటా కేంబ్రియన్ పెట్రోల్ అని ఒక పోటీ జరుగుతుంది. ఎనిమిది మంది జట్టు, దాదాపు 60 కిలోమీటర్లు, 48 గంటలు. దారిలో నది దాటాలి, గాయపడినవాళ్లను చూడాలి, శత్రువు వివరాలు సేకరించి చెప్పాలి. మన సైన్యం జట్లు అక్కడ చాలాసార్లు బంగారు పతకం తెచ్చాయి. 2021లో మన గూర్ఖా రైఫిల్స్ జట్టు తెచ్చింది. మన పత్రికల్లో "ప్రపంచ సైన్యాలను ఓడించారు" అని వస్తుంటుంది. అక్కడి పద్ధతి అది కాదు. నూటికి 75 మార్కులు దాటిన ప్రతి జట్టుకూ బంగారమే, 65 దాటితే వెండి, 55 దాటితే కంచు. ఎవరూ దాటకపోతే ఎవరికీ లేదు. అక్కడ జట్టు తలపడేది పక్క దేశంతో కాదు, గీసిన గీతతో. ఎనిమిది మందిలో ఒకడు వెనకబడితే జట్టంతా వెనకబడినట్టే.

గీత అన్నాను కదా. ఇక నా సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

నేను హవల్దారుగా ఒక ట్రైనింగ్ సెంటర్‌లో ఉస్తాద్‌గా ఉన్న రోజులు. నా దగ్గర ఒక రంగ్రూటు ఉండేవాడు. పరుగులో ముందు, గురిలో ముందు. రాత్రిపూట మ్యాపు, కంపాసుతో దారి వెతకడం మాత్రం రాలేదు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే వెనక బ్యాచ్‌లోకి దింపుతారు, తన బ్యాచ్‌తో కసం పరేడ్ పోతుంది. ఆ పరేడ్ చూడటానికి వాళ్లమ్మ అప్పటికే రైలు టికెట్ తీయించుకుంది. పరీక్ష రాత్రి చీకట్లో వాడి చేతులు వణుకుతున్నాయి. నేను పక్కనుంచి పోతూ దిశ అంకె మెల్లగా చెప్పాను. వాడు దారి పట్టాడు. నేను సంతకం పెట్టాను. పరేడ్ రోజు వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మంచి పని చేశాననుకున్నాను.

రెండు శీతాకాలాలు గడిచాయి. ఎత్తైన చోట ఒక పోస్టు నుంచి నలుగురు గస్తీకి వెళ్లారు. పొగమంచు కమ్మింది. ముందు నడిచేది వీడు. ఎడమ లోయ పట్టాల్సింది కుడి లోయ పట్టాడు. రాత్రంతా మంచులోనే ఉండిపోయారు. ప్రాణాలు దక్కాయి. కానీ వాడి వెనక నడిచిన కుర్రాడికి మంచుకాటు తగిలి ఎడమ కాలి మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. కొన్నాళ్లకు వీడే నాకు ఫోన్ చేశాడు. "ఉస్తాద్, ఆ రాత్రి మీరు నన్ను ఆపి ఉంటే బాగుండేది" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ కుర్రాడి మూడు వేళ్ల మీద నా సంతకం ఉంది. అప్పటినుంచీ ఎవరైనా "ఏ సైన్యం శిక్షణ గొప్ప" అంటే నాకు వీడియోలు గుర్తు రావు. ఆ చీకటి రాత్రి గుర్తొస్తుంది. పుస్తకంలో ఏ ప్రమాణం రాసి ఉందన్నది కాదు, రాత్రి పన్నెండుకు, ఎవరూ చూడనప్పుడు, ఉస్తాద్ ఆ గీత మీద నిలబడ్డాడా లేదా అన్నదే ఆ సైన్యం శిక్షణ. నేను ఆ రాత్రి నిలబడలేదు.

ఇక్కడ మా లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు. సార్, మీకు గుర్తుందో లేదో. తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షలో నాకు 31 మార్కులు వేశారు. నాలుగు మార్కులు కలపమని మా అమ్మ వచ్చి బతిమాలింది. మీరు కలపలేదు. మీ మీద నాకు చాలా కోపం వచ్చింది. కానీ ఆ వేసవి అంతా రోజూ మీ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, కోణమానిని చేతికిచ్చి, కోణాలు గీయించారు. బడి తెరిచేముందు మళ్లీ పరీక్ష పెట్టి పై తరగతికి పంపారు. సైన్యంలో కంపాసు మీద దిశ తీయడం మొదటి రోజే నాకు ఎలా వచ్చిందని మా ఉస్తాద్ ఆశ్చర్యపోయాడు. అది మీ అరుగు మీద వచ్చింది సార్. ఆ రంగ్రూటుకు నేను చేయాల్సింది కూడా అదే. ఆపడం ఒక్కటే చాలదు, ఆపినవాడి పక్కన కూర్చోవాలి. నేను రెండూ చేయలేదు. సులువైన పని చేశాను.

ఆ తర్వాత ఉస్తాద్‌గా ఉన్నన్నాళ్లూ దారి రానివాణ్ణి ఆదివారం పూట నా వెంట తిప్పుకునేవాణ్ణి. అయినా రానివాణ్ణి వెనక బ్యాచ్‌కు పంపాను. కొందరి అమ్మలు పరేడ్‌కు వచ్చి కొడుకు లేకుండా వెళ్లారు. అది చూడటం కష్టమే.

అగ్నివీర్ ఆరు నెలలు చాలుతుందా అని కూడా మీరంతా నన్ను అడుగుతుంటారు. తొమ్మిది నెలల్లో పుట్టే నమ్మకం ఆరు నెలల్లో పుట్టించాలంటే ఉస్తాద్ మీద భారం పెరుగుతుంది. పల్టన్‌కు వెళ్లాక అక్కడి హవల్దార్లు మిగతాది నేర్పాలి. నాలుగేళ్లకు నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు కాబట్టి, కుర్రాళ్లు తమలో తాము పోటీ పడి పక్కవాడికి నేర్పడం మానేస్తే ప్రమాదం. నా భయం అది. వారాల కంటే అది పెద్దది. పిల్లలూ, వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నీ వెనక నడిచేవాడి వేళ్లు నీ చేతిలో ఉంటాయి.

ఇక నన్ను అడిగిన కుర్రాడికి జవాబు. నాన్నా, మనవాళ్లది ఎన్నో నంబరు అని అడగకు. ఈ శిక్షణ ఏ నేల కోసం, ఏ పని కోసం అని అడుగు. దళంలో అందరికంటే వెనకున్నవాడు ఏం చేయగలడో చూడు. తప్పు జరిగితే చిన్నవాడు పెద్దవాడితో చెప్పగలడా అని చూడు. రానివాణ్ణి ఆపే ఉస్తాద్, ఆపి పక్కన కూర్చునే ఉస్తాద్ ఉన్నాడా అని చూడు. ఇవి ఉన్న సైన్యం ఏ దేశానిదైనా గొప్పదే.

చివరిగా సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధి నుంచి శిలాఫలకానికి ఖర్చు పెడుతున్నారు, సంతోషం. అందులో కొంచెం మిగిల్చి ఈ బడికి పది కంపాసులు, ఒక గట్టి తాడు, నాలుగు ప్రథమ చికిత్స పెట్టెలు కొనిపెట్టండి. ఆదివారం పొద్దున్నే నేను వచ్చి నేర్పుతాను. సైన్యానికి వెళ్లేవాళ్లే రానక్కర్లేదు, ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ రావచ్చు. రోడ్డు మీద నెత్తురు ఆపడం అందరికీ రావాలి. లెక్కల మాస్టారు ఒప్పుకుంటే కోణాల పాఠం మాత్రం ఆయనే చెప్పాలి. 31 వచ్చినవాణ్ణి నేను.

జైహింద్.